హెచ్-ఇండెక్స్ ఎంతమ్మా?

ఇంటర్వ్యూ గదిలో కూర్చోగానే నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే. "హెచ్-ఇండెక్స్ ఎంతమ్మా?"

నాలుగు అన్నాను. మన పేపర్లను వేరే పరిశోధకులు ఎన్నిసార్లు ఉదహరించారన్న దాన్నిబట్టి వేసే అంకె అది. బల్లకి అవతల కూర్చున్న ఐదుగురిలో ఒకాయన 4 అని రాసుకుని దాని చుట్టూ సున్నా చుట్టారు. తర్వాత మొత్తం సైటేషన్లు, అంటే అలా ఉదహరించినవి, ఎన్ని, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఒక జర్నల్లోని పేపర్లకు సగటున వచ్చే సైటేషన్లు) ఐదు దాటిన జర్నల్లో ఏమైనా వచ్చిందా, మొదటి పేరు నాదిగా ఉన్నవి ఎన్ని అని అడిగారు. ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. ముందురోజు రాత్రి జిరాక్స్ షాపులో నా పేపర్లన్నీ ప్రింటు తీయించి, వరసగా పేర్చి, ఎర్ర ట్యాగుతో కట్టి తీసుకెళ్లాను. ఆ ఫైలు బల్ల మీద అందరి ముందూ ఒక చుట్టు తిరిగి నా దగ్గరికి వచ్చింది. నేను వేసిన ముడి వేసినట్టే ఉంది.

ఉద్యోగం రాలేదన్న కోపంతో ఇది రాయడం లేదు. ఆ ఉద్యోగం వచ్చిన మనిషి నాకంటే బాగా పనిచేసేవారే అయ్యుండొచ్చు. కానీ ఆ ముడి విప్పకుండా ఆ సంగతి కమిటీకి ఎలా తెలిసింది? ఆరేళ్లుగా నన్ను వదలని ప్రశ్న ఇది.

ఆ ఫైల్లో ఉన్నది నా మూడేళ్ల పని. డిమెన్షియాను, అంటే మామూలుగా మనం ముసలితనపు మతిమరుపు అని సరిపెట్టుకునే జబ్బును, గుర్తించడానికి చాలా దేశాల్లో వాడే పరీక్షల్లో అడెన్‌బ్రూక్స్ పరీక్ష ఒకటి. కేంబ్రిడ్జ్‌లోని అదే పేరున్న ఆసుపత్రిలో పుట్టింది. అలాంటి పరీక్షను బడి మొహం చూడని తెలుగువాళ్లకు పనికొచ్చేలా మార్చడం నాకు అప్పగించిన పని. అనువాదమే కదా, ఆరు నెలల్లో అయిపోతుందనుకున్నాను.

మొదటి దెబ్బ అడ్రసు దగ్గర తగిలింది. ఇంగ్లిష్ పరీక్షలో హ్యారీ బార్న్స్, 73, ఆర్చర్డ్ క్లోజ్, కింగ్స్‌బ్రిడ్జ్, డెవన్ అని ఒక అడ్రసు మూడుసార్లు చెప్పించి, కాసేపయ్యాక మళ్లీ అడుగుతారు. నేను దాని స్థానంలో ఒక తెలుగు పేరు, ఇంటి నంబరు, వీధి, ఊరు పెట్టుకుని వెళ్లాను. ఆసుపత్రి ఓపీ బయట బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దావిడ మూడుసార్లు విని, "నంబరు చెప్తే ఇల్లెట్టా దొరుకుద్ది తల్లీ? రామాలయం ఎనకా, బావి పక్కనా, ఏదో ఒకటి చెప్పు" అంది. ఆవిడ జ్ఞాపకం నిక్షేపంగా ఉంది. నా ప్రశ్నే తప్పు. ఆవిడ జీవితంలో అడ్రసు అనేది నంబరు కాదు, గుర్తు. ఆ ఒక్క ప్రశ్న మార్చి, మళ్లీ ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద, జబ్బు ఉన్నవాళ్ల మీద పెట్టి చూసి, రెండు గుంపులనూ అది సరిగ్గా విడదీస్తోందని తేల్చుకోవడానికి నాలుగు నెలలు పట్టింది.

ఆ తర్వాత బొమ్మలు. కంగారూ, పెంగ్విన్, హార్ప్, అకార్డియన్. పేరు చెప్పలేకపోతే మార్కు పోతుంది. ఆ వస్తువునే జన్మలో చూడని మనిషికి పేరు గుర్తు రాకపోవడం ఏమిటి? తర్వాత ఇంగ్లిష్ 'P' అక్షరంతో మొదలయ్యే మాటలు ఒక నిమిషంలో ఎన్ని చెప్పగలరో చెప్పమంటారు. తెలుగులో 'ప' అంటే చదువుకున్నవాళ్లు "పా, పి, పు కూడా చెప్పొచ్చా?" అని అడుగుతారు. చదువుకోనివాళ్లకు అసలు ఆ ప్రశ్నే ఉండదు.

అన్నిటికంటే నాకు ఎక్కువ నేర్పింది చదివించే ప్రశ్న. ఇంగ్లిష్‌లో రాత ఒకలా, పలుకు ఒకలా ఉండే మాటలు కొన్ని ఇస్తారు. మాట అర్థమే చెరిగిపోతున్న రోగి వాటిని అక్షరాలు కూడబలుక్కుని తప్పుగా చదువుతాడు. డాక్టరుకు అదొక గుర్తు. మన లిపిలో రాసింది రాసినట్టే చదువుతాం కాబట్టి అర్థం పూర్తిగా పోయినా చదవడం మాత్రం సాఫీగా సాగిపోతుంది. అంటే ఆ జబ్బు తెలుగు చదివే మనిషిలో ఆ దారిన బయటపడదు, వేరే దారి వెతకాలి. ఇది మెదడు గురించిన సంగతి, భాష గురించిన సంగతి కూడా. దాని మీద రెండు పేపర్లు రాశాను. రెండిటికీ కలిపి ఇంటర్వ్యూ నాటికి వచ్చిన సైటేషన్లు 11.

11 తక్కువే. ఎందుకు తక్కువంటే, ఆ పరీక్షను వాడి మళ్లీ పేపర్ రాసేవాళ్లు ఈ ప్రపంచంలో ఎంతమంది ఉంటారు? తెలుగులో డిమెన్షియా మీద పనిచేసే బృందాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అదే అల్జైమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ ప్రొటీన్ మీద ఒక మామూలు పేపర్ రాసినా దాన్ని ఉదహరించడానికి వేలమంది ఉన్నారు. సైటేషన్ల లెక్కలో మొట్టమొదట కొలిచేది మన పక్కన ఎంతమంది నిలబడి ఉన్నారన్నది. పని సంగతి ఆ తర్వాత. మా పరీక్షతో ఓపీలో ఒక ముసలాయనకు జబ్బు ముందే తెలిస్తే, అది స్కోపస్ లాంటి ఏ సైటేషన్ల జాబితాలోనూ ఎక్కదు.

ఇక నాకు తెలిసినంతలో ఎంతో గౌరవించే ఒక పేపర్ గురించి చెప్పాలి. 2013లో న్యూరాలజీ అనే జర్నల్లో వచ్చింది. హైదరాబాద్ పంజాగుట్ట నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి, ఆమె బృందం చేసిన పని. ఆమె ఇప్పుడు బెంగళూరు నిమ్హాన్స్‌లో ఉన్నారు. డిమెన్షియా ఉన్న 648 మంది వివరాలు తీసుకున్నారు. వాళ్లలో 391 మందికి రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ భాషలు వచ్చు. ఒకే భాష వచ్చినవాళ్ల కంటే వీళ్లలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. బడికి వెళ్లనివాళ్లలో కూడా ఆ తేడా కనిపించింది. రెండుకి మించి ఎన్ని భాషలు వచ్చినా అదనపు లాభం కనిపించలేదు.

ఈ పేపర్ విలువ ఆ నాలుగున్నరేళ్లలోనే ఉందనుకుంటే సగమే అర్థమైనట్టు. అంతకుముందు 2007లో కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియాలిస్టాక్ బృందం 184 మంది మీద ఇలాంటి ఫలితమే చూపించింది, తేడా సుమారు నాలుగేళ్లు. కానీ అక్కడ రెండు భాషలు వచ్చినవాళ్లు ఎక్కువమంది వలస వచ్చినవాళ్లు. మరి జబ్బును వెనక్కి నెట్టింది భాషలా, లేక దేశం దాటి రాగలిగినంత ఆరోగ్యం, చొరవ వాళ్లకు ముందే ఉన్నాయా? అక్కడి జనంతో ఆ చిక్కు విప్పడం కష్టం. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. ఇక్కడ ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ, ఆఫీసులో హిందీయో ఇంగ్లిషో మాట్లాడటానికి ఎవరూ ఎక్కడికీ వలస పోనక్కర్లేదు. కూరగాయల బండి ఆయన కూడా మూడు భాషల్లో బేరమాడతాడు. పైగా అక్షరం రాకుండానే రెండు మూడు భాషలు ధారాళంగా మాట్లాడేవాళ్లు ఉన్నారు కాబట్టి చదువు ప్రభావాన్ని భాష ప్రభావం నుంచి విడదీసి చూడగలిగారు. ప్రపంచంలో ఎన్నో పెద్ద ల్యాబుల దగ్గర లేనిది ఈ ఊరి దగ్గర ఉంది, దాన్ని చూసి ప్రశ్నగా మలచగలిగిన పరిశోధకులు ఇక్కడ ఉన్నారు.

ఈ పేపర్‌కు వందల సైటేషన్లు ఉన్నాయి. అంకెను నమ్మేవాళ్లకు కూడా నచ్చే పేపరే. అయినా ఆ వందలను విప్పి చూడండి. కొందరు దాన్ని ఆధారంగా తీసుకుని ముందుకు వెళ్లారు. కొందరు దాంతో విభేదించడానికి ఉదహరించారు. రోగుల్ని వెనక్కి తిరిగి చూసిన అధ్యయనాల్లో కనిపించే ఈ తేడా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లను ఏళ్ల తరబడి వెంట ఉండి గమనించిన అధ్యయనాల్లో చాలాసార్లు కనిపించలేదు. అది న్యాయమైన అభ్యంతరం, ఇంకా తేలని చర్చ. రెండు భాషల వల్ల లాభం ఉందని చెప్పే ఫలితాలే ఎక్కువగా అచ్చవుతున్నాయని 2015లో ఎడిన్‌బరో పరిశోధకులు చూపించారు. ఇంకా చాలామంది తమ పేపర్ మొదటి పేరాలో "రెండు భాషలు మంచివని అంటారు" అని ఒక్క ముక్క రాసి, బ్రాకెట్లో దీని పేరు పెట్టి ముందుకు సాగారు. ఒప్పుకున్నవాడు, కాదన్నవాడు, చదవకుండా పేరు పెట్టినవాడు, ముగ్గురూ లెక్కలో ఒక్కొక్కటే.

ఆ 648 మంది పక్కన కూర్చున్న కొడుకులు, కోడళ్లు, భార్యలు అసలే లెక్కలో లేరు. "అమ్మకి ఇది ఎప్పుడు మొదలైంది?" అని అడిగితే జవాబు ఒక్క మాటలో రాదు. నేను ఎన్నోసార్లు అడిగాను కాబట్టి చెబుతున్నాను. "చిన్నదాని పెళ్లప్పుడు బాగానే ఉంది. ఆ తర్వాత సంక్రాంతికి అరిసెల్లో బెల్లం వెయ్యడం మర్చిపోయింది. మేం నవ్వుకున్నాం" అంటారు. అన్న ఒక సంవత్సరం చెబుతాడు, చెల్లెలు ఇంకోటి చెబుతుంది. ఇద్దరినీ కూర్చోబెట్టి, పెళ్లి ఎప్పుడు, ఆ సంక్రాంతి ఏది అని లాగి లాగి ఒక సంవత్సరం దగ్గరికి చేరాలి. పేపర్లో అది 'లక్షణాలు మొదలైన వయసు' అని ఒక గడిలో కూర్చుంటుంది. ఆ గడి తప్పైతే నాలుగున్నరేళ్లూ తప్పే. ఒక పరిశోధకురాలి సత్తా తెలియాలంటే ఆ గడి ఎలా నింపారో అడగాలి.

అసలు ఈ సైటేషన్ల లెక్క మనుషుల్ని తూచడానికి పుట్టలేదు. 1964లో ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్‌ఫీల్డ్ సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చింది ఒక పేపర్ నుంచి దానికి సంబంధమున్న ఇంకో పేపర్‌కు దారి దొరకడానికి. మంచి పని, నేను రోజూ వాడతాను. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ కూడా జర్నళ్ల సంగతే. మనుషుల్ని తూచడానికే పుట్టింది హెచ్-ఇండెక్స్, దాన్ని 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించారు. నాలుగేసి సైటేషన్లయినా ఉన్న పేపర్లు నాలుగు ఉంటే మీ అంకె నాలుగు. అది అనుకున్నట్టు పనిచెయ్యలేదని 2020లో ఆయనే రాశారు. ఆ మాట మన సెలక్షన్ కమిటీల దాకా ఇంకా రాలేదు.

అంకెలు ఎంత తప్పుదారి పట్టిస్తాయో చెప్పడానికి న్యూరోసైన్స్ చాలు. ఆలివర్ లౌరీ అని సెయింట్ లూయిస్‌లో పనిచేసిన శాస్త్రవేత్త. ఒక్క నరకణంలో ఎంత రసాయనం ఉందో కొలవడానికి సన్నటి క్వార్ట్జ్ పోగుతో త్రాసు చేసుకున్న మనిషి. మెదడు రసాయనశాస్త్రానికి అది పెద్ద మెట్టు. కానీ ఆయన్ని సైటేషన్ల ప్రపంచం గుర్తుపెట్టుకున్నది 1951 నాటి వేరే పేపర్‌తో. ద్రావణంలో ప్రొటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతి అది. 2014లో నేచర్ పత్రిక వేసిన లెక్కలో 3,05,000కు పైగా సైటేషన్లతో అన్ని శాస్త్రాల్లోకీ మొదటి స్థానం దానిదే. అదేమంత గొప్ప పేపర్ కాదని లౌరీయే అన్నారు. ప్రొటీన్ కొలిచే ప్రతివాళ్లకూ అది కావాలి, అంతే. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి హార్వర్డ్‌లో రాసిన, ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కూడా అలా వేలసార్లు ఉదహరించబడింది. ఆ పద్ధతి కనిపెట్టిన మనిషికి హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు.

ఇంకో వైపు చూడండి. 1971లో లండన్‌లో జాన్ ఓకీఫ్, జొనథన్ డోస్ట్రోవ్‌స్కీ ఒక చిన్న పేపర్ వేశారు. ఎలుక ఫలానా చోట ఉన్నప్పుడే దాని మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగంలో కొన్ని కణాలు చురుగ్గా స్పందిస్తున్నాయని. రికార్డు చేసిన 76 కణాల్లో అలాంటివి 8. శీర్షికలోనే 'ప్రాథమిక ఆధారాలు' అని రాసుకున్నారు. చాలామంది నమ్మలేదు. ఆ 8 కణాల దారిలో నడిచే 2014లో ఓకీఫ్ నోబెల్ దాకా వెళ్లారు. 1973లో మన దగ్గర ఒక సెలక్షన్ కమిటీ ముందు అదే పేపర్ పెట్టుంటే ఏమని ఉండేవాళ్లో నాకు ఊహించాలనిపించదు.

2006లో నేచర్‌లో ఇంకో పేపర్ వచ్చింది. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుంచి. అల్జైమర్స్‌లో జ్ఞాపకాన్ని దెబ్బతీసే ఒక ప్రత్యేకమైన అమిలాయిడ్ ముద్దను పట్టుకున్నామని, దాన్ని ఎలుకల్లోకి ఎక్కిస్తే వాటి జ్ఞాపకం తగ్గిందని అందులో ఉంది. రెండు వేలకు పైగా సైటేషన్లు. 2022లో సైన్స్ పత్రిక ఆ పేపర్లోని బొమ్మలు మార్చినట్టున్నాయన్న అనుమానాలను బయటపెట్టింది. 2024లో పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. మధ్యలో పద్దెనిమిదేళ్లు. ఆ బొమ్మలు మొదటి రోజు నుంచీ అందరి కళ్ల ముందే ఉన్నాయి. వేలసార్లు పేరు రాసినవాళ్లలో ఎంతమంది ఆ బొమ్మను జూమ్ చేసి చూశారు? నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఇది కేవలం పరిశోధకుల పరువు సంగతి కాదు. ఓపీ బెంచీ మీద భర్త చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషి, "మందు ఎప్పుడొస్తుంది డాక్టరు గారూ?" అని అడిగే మనిషి, వాళ్ల రోజులు ఇందులో ఉన్నాయి.

ఏటా ఒక సీజన్లో మన పేపర్ల జిల్లా పేజీల్లో వార్తలొస్తాయి. ప్రపంచంలో మేటి రెండు శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసరు గారికి చోటు అని, శాలువా కప్పుతున్న ఫొటోతో. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన జాన్ అయోనిడిస్ బృందం స్కోపస్ లెక్కలతో చేసే జాబితా అది. సొంత పేపర్లను తామే ఉదహరించుకున్నవి తీసేస్తే ఎంత అన్నది కూడా ఆ జాబితాలోనే పక్క గడిలో ఉంటుంది. వార్తలో ఆ గడి ఎప్పుడూ నాకు కనిపించలేదు. ఆ ప్రొఫెసరు గారు ఏం కనిపెట్టారో కూడా కనిపించదు. వాళ్లలో నిజంగా గొప్ప పని చేసినవాళ్లు ఉన్నారు, వాళ్లకైనా అది అన్యాయమే కదా!

నా మాటకు గట్టి ఎదురుమాట ఒకటుంది. రిటైరైన మా మేడమ్ ఒకరు చెప్పారు. "అంకె లేని రోజుల్లో ఇంటర్వ్యూలు ఎలా ఉండేవో నీకు తెలీదు. ఏ ఊరమ్మా, మీ నాన్నగారు ఏం చేస్తారు, ఎవరి దగ్గర పీహెచ్‌డీ చేశావు. ఈ మూడిట్లో అన్నీ తేలిపోయేవి. నాకు మొదటిసారి ఊపిరాడింది మార్కులు వేసే ఫారం వచ్చాకే." నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. మనవాడు, మనవాళ్ల అమ్మాయి అనే లెక్క ఎంత లోతుగా ఉందో ఈ రంగంలో ఉన్న ఎవరికైనా తెలుసు. ఇంటిపేరు వినగానే మొహాలు మారే గదిలో, చేతిలో ఒక అంకె ఉండటం చిన్న ధైర్యం కాదు.

కానీ ఆ ధైర్యం ఎన్నాళ్లు నిలిచింది? 2010లో యూజీసీ పేపర్‌కు ఇన్ని పాయింట్లని పెట్టాక, పాయింట్ల కోసం పేపర్లు, పేపర్ల కోసం డబ్బు కడితే వేసే జర్నళ్లు పుట్టుకొచ్చాయి. 2018 మే నెలలో యూజీసీ తాను ఆమోదించిన జాబితా నుంచే 4,305 జర్నళ్లను తీసేసింది. డబ్బున్నవాళ్లు పాయింట్లు కొనుక్కోగలిగారు. మా మేడమ్‌ను కాపాడిన ఫారం, ఆమెలా చేతిలో ఏమీ లేకుండా వచ్చిన ఇంకో అమ్మాయిని ఇప్పుడు కాపాడటం లేదు. పైగా మనవాణ్ని తీసుకోవాలనుకున్న కమిటీకి అంకె అడ్డం రాదు. మనవాడి అంకె ఎక్కువుంటే అంకె చూస్తారు, తక్కువుంటే ఇంటర్వ్యూ మార్కులు చూస్తారు.

అందుకే నేను అడిగేది చిన్నది. అభ్యర్థి తన పనిలో ఒకటో రెండో పేపర్లు ఎంచుకుని ఇవ్వాలి. కమిటీలో ఒక్కొక్కరు ఒక్కో అభ్యర్థి పేపర్ ముందే చదివి, అందులో ఏముంది, ఏది గట్టిగా ఉంది, ఏది వదులుగా ఉంది అని అర పేజీ సంతకంతో రాసి ఫైల్లో పెట్టాలి. జర్నల్ పేరును కాదు, పనిని చూడమని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన చెప్పేది కూడా ఇదే దారి. అంత టైమ్ ఎక్కడిదంటారు. ముప్పై ఏళ్లు ఉండబోయే ఉద్యోగానికి ఒక సాయంత్రం ఎక్కువా? సంతకం పెట్టి రాసిన అర పేజీ ముందు "మనవాడు" అనడం కూడా కాస్త కష్టమవుతుంది. ఆర్టీఐలో అడిగితే అంకెకు కారణం దొరకదు, అర పేజీలో దొరుకుతుంది.

పోయినేడాది ఒక ప్రాజెక్టు పోస్టుకు నన్ను సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్‌గా పిలిచారు. అభ్యర్థులు ఆరుగురు, ఆరు పేపర్లూ తెప్పించుకుని రెండు రాత్రులు కూర్చుని చదివాను. అందులో ఒకమ్మాయి పక్షవాతం వచ్చినవాళ్ల మాట తిరిగి రావడం గురించి రాసింది. హెచ్-ఇండెక్స్ రెండు. పట్టికలో రెండో విజిట్ దగ్గర 9 మంది తగ్గారు, మూడో విజిట్‌కి 7 మంది తిరిగి వచ్చారు. అలా సాధారణంగా జరగదు, తగ్గినవాళ్లు తగ్గినట్టే ఉంటారు. ఎందుకలా అని అడిగాను.

"పత్తి తీతలు మేడమ్" అంది. "ఆ నెల ఇంట్లో ఎవరూ ఖాళీగా ఉండరు, పేషెంటును ఎవరు తీసుకొస్తారు? తీతలు అయ్యాక నేనే ఊళ్లకి వెళ్లి అడిగాను. ఇద్దరు అప్పటికే చనిపోయారు." ఆ ఇద్దరి గురించి చెప్పేటప్పుడు వాళ్ల ఊళ్ల పేర్లు కూడా ఆమెకి గుర్తున్నాయి.

నా పక్కన కూర్చున్నాయన అప్పటిదాకా ల్యాప్‌టాప్‌లో ఆమె సైటేషన్లు చూపించే గూగుల్ స్కాలర్ పేజీ చూస్తున్నారు. "ఏదీ, ఆ పట్టిక ఇటివ్వండి" అని చెయ్యి చాపారు. పది నిమిషాలు ఆమెతో ఆయనే మాట్లాడారు.

పోస్టు ఆమెకి రాలేదు, వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు ఆమెది. నేను ఆమె పేపర్ గురించి రాసిన అర పేజీని మినిట్స్‌కు జతచెయ్యమన్నాను. అలాంటి పద్ధతి లేదని క్లర్కు గారు మొదట ఒప్పుకోలేదు. ఛైర్మన్ గారు చదివి, జతచెయ్యండి అన్నారు. కింద పేజీ నంబరు 14 అని నేనే చేత్తో వేశాను.